చీటీలక్కయ్య ఫైల్లో ఎర్రసిరా వాక్యం

ఎనిమిది వారాల పనిని చెరిపేసిందన్న నింద చీటీలక్కయ్య మీద పడింది. మా గ్రంథాలయంలో పుస్తకాల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించే మనిషి ఆవిడ. ఏ పని చేసినా ఓ చీటీ మీద రాసుకుంటుంది కాబట్టి ఆ పేరు. "ఏదో నొక్కేసి ఉంటావు" అన్నారు మేనేజరు. ఆవిడ ఉద్యోగ ఫైల్లో 'అజాగ్రత్త మనిషి' అని ఎర్రసిరాతో రాసి, కింది గదిలో పుస్తకాలకు లేబుళ్లు అంటించే పనికి పంపేశారు.

ఆవిడ వాడిన ప్రోగ్రాం రాసింది నేను. "ప్రోగ్రాంలో తప్పేమీ ఉండదండీ" అని ఆ రోజు అక్కడే నిలబడి అన్నదీ నేనే.

రెండేళ్ల తర్వాత, మొన్న, ఏదో చిన్న మార్పు కోసం ఆ కోడ్ తెరిచాను. వివరాలు దాచే ఫోల్డర్ చిరునామా కనబడింది, మధ్యలో నా పేరుతో సహా. అది మా ఇంటి కంప్యూటర్లోని నా ఫోల్డర్. డాక్యుమెంట్ల ఫోల్డర్ ఒక్కో యంత్రంలో ఒక్కోచోట ఉంటుంది. ఎక్కడుందో ఆ యంత్రాన్నే అడిగేలా కోడ్ రాయాలి. నేను బద్ధకించి చేత్తో రాసేశాను. ఆవిడ పాత కంప్యూటర్లో అది పనిచేయకపోతే, అక్కడా నా పేరుతో ఓ ఫోల్డర్ పెట్టి చేతులు దులుపుకున్నాను. తర్వాత కొత్త కంప్యూటర్ వచ్చింది. అందులో ఆ ఫోల్డర్ లేదు. ఆ ఎనిమిది వారాలూ ఆవిడ ఎక్కించిందేదీ ఎక్కడా చేరలేదు, నా ప్రోగ్రాం మాత్రం రోజూ 'సేవ్ అయింది' అంటూనే ఉంది. నిజంగా అయిందో లేదో చూసుకోమని నేను దానికి చెప్పలేదు. ఎక్కించినవి మళ్లీ చూసుకునే వీలు ఆవిడకూ ఇవ్వలేదు.

కింది గదికి వెళ్లి, తల వంచుకుని అంతా చెప్పాను.

"అయితే రోజూ నీ ఇంటికే పంపించానన్నమాట" అంది, లేబుల్‌కి జిగురు రాస్తూ. "ఇల్లు మారినప్పుడు ఓ ముక్క చెప్పాలి కదయ్యా."

నాకు నవ్వు రాలేదు. ఆవిడ సొరుగులోంచి చీటీల కట్ట తీసింది. ప్రతి చీటీ మీదా తేదీ, ఎన్ని పుస్తకాలో, కింద 'సేవ్ అయిందని చెప్పింది' అని.

"ఇవి అప్పుడే చూపించాల్సింది కదక్కా?"

"నీ ముందే పెట్టాను. నువ్వు మేనేజరుగారి వంక చూస్తున్నావు."

జరిగిందంతా రాసి, సంతకం పెట్టి మేనేజరుకిచ్చాను. "పాత సంగతులు ఇప్పుడెందుకు" అంటూ పక్కన పడేశారు. వచ్చే నెల ఆవిడ రిటైరవుతుంది. ఆ ఎర్రసిరా మాట ఇంకా ఆవిడ ఫైల్లోనే ఉంది.

ఇక్కడ పుస్తకాలు తీసుకెళ్లే మీకందరికీ నాదొక్కటే మనవి. ఈసారి వచ్చినప్పుడు మేనేజరు గదిలోకి వెళ్లి, ఎర్రసిరా వాక్యం కొట్టేశారా అని అడగండి. కొట్టేసేదాకా వచ్చిన ప్రతిసారీ అడగండి.