రంగు పూసిన రాగిరేకు

శెర్మక్కని టీచరు నోరు మంచిది కాదని సాత్తూరు చుట్టుపక్కల అందరూ అంటారు. నిజమే. ఆ నోరు మంచిదై ఉంటే ఈపాటికి నేను గోడ మీద ఫొటోనై ఉండేదాన్ని.

ఆమె తల్లి కూడా మాలాగే బాణసంచా ఫ్యాక్టరీలో మందు కలిపే మనిషి. పొడిగాలులు వీచే ఆడి నెలలో ఒకరోజు నైలాన్ చీర కట్టుకుని పనికి వెళ్లింది, తిరిగి రాలేదు. తలరాత అన్నారు ఊళ్లో. తలరాత కాదు, చీర రాపిడికి లేచిన నిప్పురవ్వ అని కూతురికి కాలేజీలో తెలిసింది. అప్పట్నుంచీ ఆమె కోపం చల్లారలేదు. ఫిజిక్స్ చదివి, మా ఫ్యాక్టరీ యజమాని, ముదలాళి తంగపాండి నడిపే బడిలోనే టీచరుగా చేరింది.

ఆమె పాఠం మా ఇళ్లలోకీ వచ్చేది. ఆ బడిలోనే చదివే మా అమ్మాయి ఇసక్కి దువ్వెనను తలకు రుద్ది కాగితం ముక్కల్ని లేపేది.

"రుద్దితే చార్జి కొత్తగా పుట్టదమ్మా, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోతుంది. ఒకే రకమైతే తోసుకుంటాయి, వేరే రకమైతే లాక్కుంటాయి."

"మరి మీ నాన్నా నేనూ?"

"ఒకే రకం. అందుకే పొద్దస్తమానం తోసుకుంటారు!"

మందు గది గుమ్మం పక్కన ఒక రాగిరేకు ఉంటుంది. దాని తీగ భూమిలోకి దిగి ఉంటుంది. చెప్పులు విడిచి, రేకు మీద అరచెయ్యి పెట్టి, ఒంటి మీది చార్జి భూమిలోకి దిగిపోయాకే మేం లోపల అడుగు పెట్టాలి. గుళ్లో గంట కొట్టినట్టు మాకది అలవాటు.

ఆ ఏడు ఆయుధపూజకు మేస్త్రీ ఫ్యాక్టరీకంతా రంగులేయించాడు. రాగిరేకునూ వదల్లేదు. పసుపు ఎనామిల్ దట్టంగా పూయించి, మధ్యలో ఎర్రబొట్టు పెట్టించాడు. పూజనాడు మేం మురిసిపోయి, దాన్ని ముట్టుకుని కళ్లకద్దుకున్నాం. మాకంటే తెలివితక్కువ వాళ్లుంటారా!

ఇంటికొచ్చి ఆ ముచ్చట చెప్పగానే ఇసక్కి కంచం ముందు నుంచి లేచి టీచరింటికి పరుగెత్తింది.

పని మొదలయ్యే రోజు పొద్దున మేం వెళ్లేసరికి టీచరు మందు గది గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"ఈ రంగు గోకేదాకా ఎవరూ లోపలికి పోవద్దక్కా. రంగు మీద చెయ్యి పెడితే చార్జి దిగదు, ఒంటి మీదే ఉంటుంది. లోపల గిన్నె ముట్టుకున్నప్పుడు దిగుతుంది, నిప్పురవ్వై."

కబురు అంది ముదలాళి వచ్చాడు.

"ఏమ్మా, పాఠాలు బడిలో చెప్పుకో. దీపావళి సరుకు ఆగితే నువ్విస్తావా?"

"సరుకైతే మళ్లీ చేసుకోవచ్చయ్యా. వీళ్లను మళ్లీ చేస్తారా?"

"పూజ చేసిన రేకు. గోకితే అరిష్టం. గోకావో, సోమవారం నుంచి బడికి రానక్కర్లేదు."

"మా అమ్మ పోయిన రోజు కూడా మంచి రోజేనయ్యా. పంచాంగం చూసే గది తలుపు తీశారు."

ఇనుము తగిలితే నిప్పు రేగుతుందని, టీచరు పూజలో కొట్టిన కాయలోంచి కొబ్బరి తీసేసి, ఆ చిప్ప అంచుతో గోకడం మొదలెట్టింది. మేస్త్రీ పకపకా నవ్వాడు. మాలో ఒక్కరూ కదల్లేదు. కూలి పోతుందని భయం. నాకూ భయమే. కానీ ఈ రేకు మీద చెయ్యి పెట్టి లోపలికి పోవాల్సింది నేను, ఉద్యోగం పోగొట్టుకుంటున్నది ఆమె. సిగ్గేసింది. రెండో చిప్ప తీసుకుని ఆమె పక్కన కూర్చున్నాను. తర్వాత మిగతావాళ్లూ వచ్చారు. ఎర్రటి రాగి బయటపడేదాకా ఎవరం లేవలేదు.

అన్నంత పనీ చేశాడు ముదలాళి. టీచరు ఇప్పుడు ఇంటి ముందు రేకుల పందిట్లో ట్యూషన్లు చెబుతోంది. దువ్వెనలు, కాగితం ముక్కలు, అదే కోపం.

ఈ ఆయుధపూజకు మేస్త్రీ మళ్లీ రంగు డబ్బాతో ఆ గుమ్మం దగ్గరికొచ్చాడు. కొబ్బరిచిప్ప పట్టుకుని ఎదురు నిలబడ్డాను.

"ఏం, నిన్నూ పనిలోంచి తీసెయ్యమంటావా?"

"తీసెయ్. బతికున్నవాళ్లనే కదా తీసేసేది."