అన్నీ లావెండరే అన్నారాయన

మావారికి నిద్ర పట్టడం లేదని నేను మొదటిసారి బయట చెప్పుకున్నది మా వీధి చివరింటి అక్కతో. రెండువేల పదిలో, కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో. నిజానికి ఆయనకు పట్టనిది నిద్ర ఒక్కటే కాదు. పాప చదువు పట్టేది కాదు, ఇల్లు పట్టేది కాదు, నా సంగతి అసలే పట్టేది కాదు. శాంటా క్లారాలో ఆఫీసు. పొద్దున్నే కారెక్కితే మళ్ళీ ఏడింటికి దిగేవారు. వచ్చి సోఫాలో కూర్చుని, ఆన్ చెయ్యని టీవీ వైపు చూస్తూ ఉండిపోయేవారు. ఏమైందంటే, "ఏం లేదు, పని" అనేవారు.

అక్కది కరీంనగర్. వయసులో నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ఆమె వంటింట్లో ఒక అర నిండా వేలెడంత గాజు సీసాలుండేవి. లావెండర్, నిమ్మగడ్డి, లవంగం, పిప్పరమెంట్, నీలగిరి. శనివారాలు మాలాంటి అరడజను మంది ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని ఏ నూనె దేనికి పనికొస్తుందో చెప్పేది. అమ్మేది కూడా. కానీ అమ్మడం కోసం చెప్పేది కాదు, నమ్మి చెప్పేది. తన మోకాళ్ళ నొప్పికీ, కొడుకు దగ్గుకీ, ఇంట్లో చీమలకీ అన్నిటికీ అవే వాడేది.

"పండుకునే ముందు దిండు మీద రెండు చుక్కలు ఎయ్యి చెల్లే. హాల్‌ల డిఫ్యూజర్ పెట్టు. మనసు నిమ్మలమైతది. నెల తిరగకముందే నువ్వే వచ్చి చెప్తవు" అంది.

డిఫ్యూజర్ అంటే నీళ్ళు పోసి నాలుగు చుక్కల నూనె వేస్తే సన్నటి ఆవిరి వదిలే చిన్న కుండలాంటిది. దాన్ని హాల్లో పెట్టిన మొదటి రోజు నాకింకా గుర్తు. పోపు వాసనా కార్పెట్ వాసనా తప్ప ఇంకేమీ ఎరగని ఆ ఇల్లు ఎవరిదో అన్నట్టయింది. మధ్యాహ్నం ఒక్కదాన్నీ దాని పక్కన కూర్చుంటే గుండెల మీద నుంచి ఏదో బరువు దిగినట్టుండేది. అబద్ధం చెప్పను, నాకు అది పనిచేసింది. వెనిగర్లో నిమ్మ నూనె కలిపి వంటగట్టు తుడిచేదాన్ని. పాపకు పరీక్షలుంటే గదిలో నారింజ నూనె పెట్టేదాన్ని. అమెరికా వచ్చాక ఉద్యోగం చెయ్యనివ్వని డిపెండెంట్ వీసా మీద ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చున్నదాన్ని. గ్రీన్ కార్డు వచ్చాక కూడా ఏం చెయ్యాలో తెలియని నాకు, చేతికి ఒక విద్య వచ్చినట్టనిపించింది.

ఆయన ఆఫీసు నుంచి రాగానే అడిగేదాన్ని.

"ఎలా ఉంది?"

"ఏది?"

"వాసనండీ. లావెండర్."

"బాగుంది."

మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు. బాగుందంటున్నారు కదా అని నాలుగు చుక్కలు వేసేచోట ఆరు వేసేదాన్ని.

ఆ చలికాలం ఆయనకు తలనొప్పి మొదలైంది. డాక్టరు దగ్గరికి వెళితే స్ట్రెస్ అనీ, సైనస్ అనీ మాత్రలిచ్చారు. అక్క పిప్పరమెంట్ నూనె ఇచ్చింది. కొబ్బరినూనెలో కలిపి రోజూ సాయంత్రం ఆయన నుదుటికి రాసేదాన్ని. కళ్ళు మూసుకుని, "చల్లగా ఉంది. ఇంకొంచెం రాయి" అనేవారు. ఆ పావుగంటే మా ఇద్దరి మధ్యా మిగిలిన కాపురం. కణతల నుంచి కనుబొమల మధ్యకి బొటనవేళ్ళతో రాస్తూ, నా చేత్తోనే ఆయనకు నయమవుతోందనుకునేదాన్ని.

వంట దగ్గర మాత్రం గొడవలయ్యేవి. ఏం వండినా చప్పగా ఉందనేవారు. పప్పులో ఆవకాయ, పులుసులో ఆవకాయ, చివరికి పెరుగన్నంలో కూడా గరిటెడు కారం. ఒకరోజు గుత్తివంకాయ ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇందులో ఏమీ వెయ్యలేదా?" అన్నారు. గంటన్నర నిలబడి వండిన కూర.

"మీ అమ్మగారి చేతి వంటైతే తప్ప మీకు ఎక్కదు లెండి" అన్నాను.

ఒకప్పుడైతే దానికి పది మాటలు బదులొచ్చేవి. ఆ రోజు కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయారంతే. తర్వాత నాలుగు రోజులు నేను మాట్లాడలేదు. నేను మాట్లాడటం లేదని ఆయన గమనించినట్టు కూడా లేదు. దానికి నాకు ఇంకా మండింది.

ఒక శుక్రవారం స్విమ్మింగ్ క్లాసు నుంచి పాపను తీసుకురావడం మర్చిపోయారు. తడి జుట్టుతో పిల్ల గంటసేపు వాకిట్లో నిలబడితే అక్కడి టీచరు నాకు ఫోన్ చేసింది. నేను పాపను తీసుకుని వచ్చేసరికి ఆయన మా గరాజ్‌లోనే ఉన్నారు. ఇంజన్ ఆపేసిన కార్లో, స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నారు. పిల్ల ముందే నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన విని, "సారీ" అన్నారు. ఆ సారీలో బాధ లేదు, కోపం లేదు. ఈ మనిషికి మేమంటే విసుగు పుట్టిందని ఆ రోజు రూఢి చేసుకున్నాను. అక్కను అడిగి, మనసు తేలికపడటానికని ఇంకో రెండు సీసాలు తెచ్చుకున్నాను.

ఏడాది గడిచింది. ఒక ఆదివారం బయట ముసురు. పాపకు అప్పటికి తొమ్మిదేళ్ళు. తోచక నా నూనె సీసాలన్నీ ముందేసుకుని, కళ్ళకు చున్నీ కట్టి వాసన చూసి పేరు చెప్పే ఆట కనిపెట్టింది. ముందు నన్ను కూర్చోబెట్టింది. ఏడు సీసాల్లో ఆరు సరిగ్గా చెప్పాను. తర్వాత బలవంతంగా వాళ్ళ నాన్నను లాక్కొచ్చింది.

నిమ్మగడ్డి సీసా ముక్కు దగ్గర పెట్టింది.

"లావెండర్" అన్నారాయన.

పాప కిలకిలా నవ్వింది. లవంగం పెట్టింది. "లావెండర్." నారింజ. "లావెండర్." పిప్పరమెంట్ పెట్టగానే మాత్రం, "పిప్పరమెంట్" అన్నారు. ఏడిపిస్తున్నారనుకుని నేనూ నవ్వాను. ఆయన అలా సరదాగా ఉండి ఎన్నాళ్ళయిందో కదా అని సంతోషపడ్డాను కూడా. పాప వంటింట్లోకి పరిగెత్తి ఇంగువ డబ్బా తెచ్చి, మూత తీసి, దాదాపు ఆయన ముక్కుకు ఆనించింది. హాల్లో ఇవతల చివర కూర్చున్న నాకే ఘాటు తగిలింది.

ఆయన గట్టిగా ఊపిరి పీల్చి, కాస్త ఆలోచించి, "లావెండర్?" అన్నారు.

పాప నవ్వు ఆపేసింది. "డాడీ, యు ఆర్ నాట్ ఈవెన్ ట్రయింగ్" అంది.

చున్నీ తీసి ఆయన ఇంగువ డబ్బా వైపు చూశారు. పరీక్ష హాల్లో దొరికిపోయినవాడి మొహంలా అయింది ఆయన మొహం. పాపను పైకి పంపించి పక్కన కూర్చున్నాను.

"ఎప్పట్నుంచి తెలియడం లేదు మీకు?"

"ఏమో. రెండేళ్ళో, మూడేళ్ళో. జలుబనుకున్నా."

"మరి రోజూ బాగుందంటారేంటి?"

"నువ్వు అడిగేదానివి కదా" అన్నారు. ఇంగువ డబ్బాకి మూత పెడుతూ, "బాగుందంటే నీ మొహం బాగుండేది" అన్నారు.

పూర్వం ఆయన గడపలో చెప్పులు విప్పుతూనే ఈవేళ కూరేమిటో చెప్పేసేవారు. అది ఎప్పుడు మానేశారో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు.

ఆ మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళానని రాయగలిగితే బాగుండేది. నేను ముందు వెళ్ళింది అక్క దగ్గరికి. "ముక్కు మూసుకపోయుంటది. నీలగిరి నూనె ఏసి ఆవిరి పట్టియ్యి. పదిరోజులల్ల తెరుసుకుంటది" అంది. పదిరోజులు కాదు, మూడు వారాలు పట్టించాను. దుప్పటి కింద ఆయన తల వంచుకుని, చెప్పినంతసేపూ చెప్పినట్టు కూర్చునేవారు. మూడో వారం చివర, దుప్పటి తీసి లేస్తూ, కుడి కంటికి మసకగా ఉందన్నారు. అప్పుడు భయమేసింది.

ముక్కు డాక్టరు నెరిసిన జుట్టు పెద్దావిడ. ఆయన కళ్ళు మూయించి కాఫీ పొడి వాసన చూపించింది. తెలియలేదన్నారు. ఆవిడ ఇంకేమీ అడగకుండా ఎంఆర్ఐ రాసింది. మూడోరోజు మమ్మల్ని ఇంకో డాక్టరు గదిలో కూర్చోబెట్టి తెర మీద బొమ్మ చూపించారు. నుదురు వెనక, ముక్కుకు పైన, పెద్ద నిమ్మకాయంత తెల్లటి గడ్డ.

"క్యాన్సర్ కాదు" అన్నాడు ఆ డాక్టరు. "కానీ చాలా ఏళ్ళుగా పెరుగుతోంది. ఏడెనిమిదేళ్ళయినా అయ్యుండొచ్చు." తర్వాత నా వైపు తిరిగి, "ఈమధ్య మనిషిలో మార్పేమైనా గమనించారా? దేనిమీదా ఆసక్తి లేకపోవడం, మాట తగ్గిపోవడం?" అని అడిగాడు.

ఆఫీసు ఒత్తిడి అనుకున్నానని చెప్పాను. నా ఇంగ్లీషు నాకే వినపడలేదు. ఆయన తలొంచుకుని తన చేతులు చూసుకుంటున్నారు.

వచ్చేముందు నూనెల గురించి అడిగాను, వాటివల్ల ఏమైనా అయిందా అని. కాదన్నాడు. వాటివల్ల రాలేదు, వాటివల్ల పోదు కూడా అన్నాడు. పిప్పరమెంట్ ఎలా తెలిసిందంటే, చల్లదనం మోసుకెళ్ళే నరం వేరట, వాసన నరం వేరట. రోజూ సాయంత్రం ఆయన ఇంకొంచెం రాయమన్నది ఆ చల్లదనం కోసం. సరిగ్గా ఆ గడ్డ మీదే, పైనుంచి, ఏడాదిపాటు రాశాను.

ఆపరేషన్ తొమ్మిది గంటలు పట్టింది. మూడోరోజుకి మెదడు వాచిందని మళ్ళీ తెరిచారు. నేను వెయిటింగ్ రూమ్‌లో ఉండగా అక్క వచ్చింది. ఒక చేతిలో పులిహోర డబ్బా, ఇంకో చేతిలో చిన్న సీసా.

"సాంబ్రాణి నూనె చెల్లే. పాదాలకు రాస్తే..."

"ఇంకా దేనికి తెచ్చావక్కా? ఇంకా ఏం మిగిలిందని?" అని అరిచాను. అక్కడున్నవాళ్ళందరూ తలలు తిప్పి చూశారు. అక్క సీసాను హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టేసుకుంది. పులిహోర డబ్బా కుర్చీలో ఉంచి వెళ్ళిపోయింది. ఆయన ఆసుపత్రిలో ఉన్న ఐదు వారాలూ నా కూతుర్ని బడి నుంచి తెచ్చుకుని, అన్నం పెట్టి, జడలేసి మళ్ళీ బడికి పంపింది ఆవిడే. ఆ అరుపుకి నేను క్షమాపణ అడగలేదు. ఆవిరి సంగతి ఆవిడా ఎత్తలేదు. ఎదురుపడితే ఇప్పటికీ పలకరించుకుంటాం. ఆవిడ నమ్మి చెప్పింది, నేను నమ్మి చేశాను. తప్పు పంచుకుంటే ఎవరి వాటా ఎంతో నాకు తేలలేదు.

ఆయన బతికారు. వాసన తిరిగి రాదని ముందే చెప్పారు, రాలేదు. కుడికంటి చూపు సగం పోయింది. తల మీద ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కుట్టు. మౌనంగా ఆసుపత్రికి వెళ్ళిన మనిషి కోపంతో ఇంటికొచ్చారు. చిన్నదానికీ కేకలేసేవారు, మరు నిమిషంలో ఏడ్చేవారు. అన్నం తిన్న అరగంటకే అన్నం పెట్టలేదేమని అడిగేవారు. కొన్ని నెలలు ఆఫీసువాళ్ళు ఎదురుచూశారు, తర్వాత ఉత్తరం వచ్చింది. నేను దగ్గర్లో ఒక డే కేర్‌లో పనికి చేరాను. ఒక మధ్యాహ్నం ఆయన పాలు స్టవ్ మీద పెట్టి నిద్రపోయారు. బడి నుంచి వచ్చిన పాప తలుపు తీస్తే ఇల్లంతా పొగ. ఆయన ఆ పొగలోనే సోఫాలో పడుకుని ఉన్నారు. ఆ రోజు నుంచి నేను పనికి వెళ్ళేటప్పుడు స్టవ్ తిప్పే నాబ్‌లు ఊడదీసి బ్యాగ్‌లో వేసుకుని వెళ్ళేదాన్ని.

నేను డాక్టరు చెప్పిన ఏడెనిమిదేళ్ళను వెనక్కి లెక్కపెట్టుకుంటూ ఉండేదాన్ని. పాప అప్పటికి ఏడాది పిల్ల. అంటే ఆ తర్వాత మేం పోట్లాడుకున్న పోట్లాటల్లో ఏవి ఆయనతోనో, ఏవి ఆ గడ్డతోనో తెలియదు. ఆయన మీద నేను పెంచుకున్న కసిలో ఎంత ఆయనకు చెందుతుందో తెలియదు.

పాపకు పన్నెండేళ్ళు వచ్చాక ఒకరోజు, నేను కార్ నడుపుతుండగా, కిటికీలోంచి చూస్తూ అడిగింది.

"మమ్మీ, డాడీ బిఫోర్ ఎలా ఉన్నాడు? రియల్‌గా?"

చెప్పడం మొదలుపెట్టాను. జెర్సీ సిటీలో మేం కొత్తగా కాపురం పెట్టినప్పుడు గిన్నెలు కడుగుతూ గొంతెత్తి పాడేవారని, చరణాలు గుర్తులేకపోతే సొంతంగా కట్టి పాడేవారని, పక్క అపార్ట్‌మెంట్ ముసలాయన గోడ కొడితే, తాళం వేస్తున్నాడని ఇంకా గట్టిగా పాడేవారని చెప్పాను.

పాప ఆశ్చర్యంగా నా వైపు తిరిగింది. "డాడీ పాడాడా? నేను అప్పుడు ఉన్నానా?"

"లేవమ్మా" అన్నాను. "అప్పటికి నువ్వింకా పుట్టలేదు."

తను మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయింది.