హ్యాండ్‌బ్రేక్ వేశాకే మాట్లాడిన మనిషి

శనివారం సాయంత్రం ఖాదర్ బాషా గారు కన్నుమూశారు. ఆ సంగతి నాకు ఆదివారం ఉదయం తెలిసింది. ఇక్కడ గల్ఫ్‌లో, మహబూలాలోని మా బిల్డింగు గేటు దగ్గర వ్యాను కోసం ఎదురుచూస్తుంటే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఈ రోజు వ్యాను రాదు, డ్రైవర్ గుండెపోటుతో చనిపోయాడు, టాక్సీలో రండి. నేను పనిచేసే క్లినిక్ గ్రూపులో వచ్చింది అంతే. చేతిలో నా నోటుపుస్తకం ఉంది. అందులోంచి ఒక పేజీ ఆ ఉదయం ఆయనకు చదివి వినిపిస్తానని మాటిచ్చాను. వ్యాను రాదని తెలిసినా చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఈ పత్రిక చదివే ఇక్కడి తెలుగువారిలో చాలామంది ఆయన తెల్ల వ్యానును చూసే ఉంటారు. పేరు మాత్రం తెలిసి ఉండదు. ఆయనది రాయచోటి. నాలుగేళ్లుగా మమ్మల్ని మహబూలా నుంచి బ్నీద్ అల్ గార్‌లోని పళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లి, తీసుకొచ్చేవారు. నేను అక్కడ నర్సును, మాది కోనసీమ. వ్యానులో మేం ఎనిమిది మందిమి. ఆరుగురు మలయాళీలు, ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి, నేను. తెలుగు తెలిసింది ఆయనకూ నాకూ మాత్రమే. నేను డ్రైవర్ వెనక సీటులో కూర్చునేదాన్ని.

బండి కదులుతున్నంతసేపూ ఆయన నోరు విప్పేవారు కాదు. ఎర్ర లైటు పడితే బండిని పూర్తిగా నిలిపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, పెడల్ మీద నుంచి కాలు తీసేవారు. అప్పుడు సగం వెనక్కి తిరిగి మాట మొదలుపెట్టేవారు. పచ్చ లైటు పడగానే మాట ఎక్కడుంటే అక్కడ ఆగిపోయేది. తర్వాతి సిగ్నల్ దగ్గర సరిగ్గా అదే పదం నుంచి అందుకునేవారు. చిన్నప్పుడు తప్పిపోయిన మేకపిల్ల కథ ఒకరోజు పొద్దున సాల్మియా సిగ్నల్ దగ్గర మొదలైంది. క్లినిక్ చేరేసరికి కూడా ఆ మేకపిల్ల దొరకలేదు. సాయంత్రం తిరిగి వస్తుంటే దొరికింది.

మొదట్లో నేను "ఊ" తప్ప ఏమీ అనేదాన్ని కాదు. నాకు ఎవరితోనైనా మాట్లాడాలంటే బెరుకు. ఒకరోజు ధైర్యం చేసి, "బాబాయ్‌గారండీ, మరేమోనండీ, రేపు నేను రానండీ, సెలవండీ" అన్నాను. ఆయన పకపకా నవ్వారు. "మీ గోదావరోళ్లతో కష్టం పాపా. అండీ అండీ అనేదానికే సగం సిగ్నల్ అయిపోతాది."

బండి నిలిచినప్పుడే నేను డైరీ రాసుకుంటానని అద్దంలో కనిపెట్టారు. "ఏం పాపా, నా మీద పోలీసోళ్లకు రాస్తాండావా?" అన్నారు. ఆ తర్వాత బ్రేకు లాగిన ప్రతిసారీ, "రాసుకో, బండి కదల్దు" అనేవారు. నా డైరీలో అక్షరాలు వంకర పోని పేజీలన్నీ ఆయన సిగ్నళ్ల దగ్గర రాసినవే.

ఇక్కడ అందరూ కాలితోనే బ్రేకు తొక్కి పట్టుకుంటారు కదా, మీరెందుకండీ ప్రతిసారీ ఇంత శ్రమ అని ఒక సాయంత్రం అడిగాను. అప్పటికే చీకటి పడింది. ఆయన బ్రేకు పెడల్ తొక్కారు. "ఎనక్కి చూడు. ఆ కారులో ఆయప్ప మొగం ఎర్రగా ఉండాదా? అది నా బ్రేకు లైటే." కాలు తీశారు. ఆ ముఖం మీది ఎరుపు పోయింది. "పొద్దన్నుంచి పనిజేసి ఇంటికి పోతాంటాడు. ఆయప్ప కండ్లల్లోకి నేనెందుకు లైటు కొట్టల్ల?"

"ఆయనకి మీరు చేసింది తెలీదు కదండీ."

"తెలీకుంటే ఏం? కండ్లు ఆయప్పవే గదా."

ఒకసారి నిలిచి ఉన్న మా వ్యానును వెనక నుంచి ఒక పెద్ద కారు గుద్దింది. మా ముందు తెల్ల గీతల మీద ఒక ఆయా పసిపిల్లను తోపుడు బండిలో దాటిస్తోంది. వ్యాను జానెడు జరిగి ఆగింది. ఆయా వెనక్కి తిరిగి చూసి, వడివడిగా దాటేసింది. బాషా గారు దిగి, గుద్దిన కుర్రాడి దగ్గరికెళ్లి ముందు "సలామత్?" అని క్షేమం అడిగారు. తర్వాతి సిగ్నల్ దగ్గర హ్యాండ్‌బ్రేక్ కడ్డీ లాగి, దాని మీద తట్టారు. "కాలొగటే ఉండింటే జారిండేది పాపా. కాలు భయపడ్తాది. ఈ కడ్డీకి భయం ల్యా" అన్నారు.

ఆయనకు కోపం రాగా చూసింది ఒక్కసారే. ఫిలిప్పీన్స్ అమ్మాయి తన భోజనం సంచిని హ్యాండ్‌బ్రేక్‌కు తగిలించింది. "ఖలాస్! తీయ్!" అని అరబ్బీ, తెలుగు కలిపి గట్టిగా అరిచారు. ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది. మర్నాడు ఆమె సీటు పక్కన కొత్త కొక్కెం ఉంది.

చివరి గురువారం సాయంత్రం, మహబూలా రాకముందు ఆఖరి సిగ్నల్ దగ్గర అడిగారు. "నా గురించి గూడ ఏమన్నా రాసినావా?"

"రాశానండీ."

"ఒక్క సిగ్నల్ అంత చదువు పాపా, చాలు."

నా రాత అప్పటిదాకా ఎవరూ వినలేదు. "ఆదివారం చదువుతానండీ" అన్నాను.

"నీ అండీని నమ్మొచ్చునా?"

నమ్మొచ్చండీ అంటుండగానే పచ్చ లైటు పడింది. నా జవాబు ఆయనకు వినబడిందో లేదో తెలియదు.

ఆయన గదిలో ఉండేవాళ్లు కాగితాలు చూసుకుని భౌతికకాయాన్ని రాయచోటికి పంపారు. చివరిచూపుకు నేను వెళ్లలేదు. ఆయనకు ఏమవుతావని అడిగితే ఏం చెప్పను? ఆయన ఫోటో కూడా నా దగ్గర లేదు. అద్దంలో కళ్లు, సగం తిరిగిన ముఖం, కడ్డీ మీది కుడిచెయ్యి. నా దగ్గర మిగిలింది ఇంతే. నాలుగేళ్లలో ఈ దేశంలో నాతో తీరిగ్గా మాట్లాడింది ఆయనొక్కరే. ఆ తీరిక ఎర్ర లైటు వెలిగినంతసేపే.

ఇప్పుడు వ్యాను నడుపుతున్నది ఒక నేపాలీ ఆయన. మంచివాడే. పెడల్ మీదే కాలుంచుతాడు. సిగ్నల్ దగ్గర బండి అంగుళం అంగుళం జరుగుతుంటే నా అక్షరాలూ వంకర పోతాయి. రెండు వారాలు ఊరుకున్నాను. మొన్న సాల్మియా సిగ్నల్ దగ్గర, నాకు వచ్చిన నాలుగు ముక్కల హిందీలో, "భయ్యా, హ్యాండ్‌బ్రేక్ లగావ్" అనేశాను. ఏడుగురూ నా వైపు తిరిగారు. నా గొంతు వాళ్లకు కొత్త. అతను అద్దంలోంచి చూసి, ఏమీ అడగకుండా కడ్డీ లాగాడు. ఆ కరకర శబ్దం విన్నాక నోటుపుస్తకం తెరిచి, ఆయనకు మాటిచ్చిన పేజీని పైకి చదవడం మొదలుపెట్టాను.

"ప్రార్థనా?" అంది పక్కనున్న మలయాళీ సిస్టర్. అవునన్నట్టు తలూపాను. పచ్చ లైటు పడింది. వాక్యం మధ్యలో ఆపేశాను. తర్వాతి సిగ్నల్ దగ్గర అదే పదం నుంచి అందుకుని పూర్తి చేశాను. ఆ పేజీలో ఉన్నది ఇంతే:

"ఈ రోజు బాబాయ్‌గారు వెనక కారులోని ఆయన కళ్ల కోసం కాలు తీశారు. ఆ సంగతి ఆ కారులోని ఆయనకు ఎప్పటికీ తెలియదు. నాకు తెలుసు."