గబ్బిలం చెప్పిన సబ్బుపెట్టె

డిజైన్ ఆఫీసు నడిపే మాస్టారికి ఒకటే జబ్బు. దేనికి బొమ్మ గీయమన్నా, దానికి సంబంధం లేని పుస్తకమే చదువుతారు. డిజైన్ పుస్తకం ఎదురైతే మొహం తిప్పుకుంటారు.

తేనెటీగల పెంపకం చదివి మందులషాపుకు అరలు గీశారు. అవి నిజంగానే బాగా కుదిరాయి. అప్పటినుంచి ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. గడియారం పోస్టరులో అంకెలన్నీ పక్కకు ఒరిగితే "గుడ్లగూబ మెడ" అన్నారు. రంగు డబ్బా మీద పేరు నడుమ ఉబ్బితే "ఒంటె మూపురం" అన్నారు. రెండింటికీ బహుమతులొచ్చాయి. ఇచ్చినవాళ్లు ఒంటెను ఎప్పుడైనా చూశారో లేదో తెలియదు.

కొత్తగా చేరిన అమ్మాయికి ఇదంతా వింతగా ఉండేది.

"మాస్టారూ, సబ్బుపెట్టె గీయమన్నారు కదా, ఏం చదవమంటారు?"

"వంతెనల మరమ్మతు చదువమ్మా."

"సబ్బుకి వంతెనెందుకండీ?"

"అవతలి ఒడ్డు చేరాక తెలుస్తుందిలే."

చదివింది, గీసింది. కానీ పెట్టెను విప్పి పరిచినప్పుడు వెనకవైపు అక్షరాలు తలకిందులుగా వేయాలి. మడిస్తేనే అవి నిటారుగా నిలుస్తాయి. ఆ సంగతి మరిచిపోయింది. లారీడు పెట్టెలు అచ్చయ్యాక చూస్తే వెనకవైపు సబ్బు శీర్షాసనం వేసి ఉంది.

సబ్బుల కంపెనీ ఓనరు ఊగిపోతూ వచ్చాడు. "ఎవరండీ ఇది చేసింది? వాళ్లని ఇప్పుడే పంపించేయండి."

చేరి నెల తిరగలేదు. అమ్మాయి ఉద్యోగానికి అప్పుడే నీళ్లొదిలేసుకుంది.

మాస్టారు తాపీగా అట్ట వేసిన పుస్తకం ఒకటి తీసి నడుమ తెరిచారు.

"గబ్బిలాలండీ," అన్నారు.

"ఏమిటీ?"

"తలకిందులుగా వేలాడేదాన్ని ఎవరైనా ఆగి చూస్తారట, ఇందులో ఉంది. మీ పెట్టె పట్టుకున్నవాడు తిప్పి చూడక మానడు. తిప్పి చూశాక మళ్లీ అరలో పెట్టబుద్ధి కాదు. నేనే అలా వేయించాను."

ఓనరు పెట్టె తిప్పాడు. మళ్లీ తిప్పాడు. "ముందే చెబితే పోయేది కదండీ," అంటూ దాన్ని చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మాస్టారు టీకి వెళ్లగానే అమ్మాయి ఆ పుస్తకం తెరిచింది. పళ్ల సంరక్షణ. గబ్బిలం కాదు కదా, దాని రెక్క కూడా లేదు.

పక్క బల్ల సీనియరు తలెత్తకుండానే, "గుడ్లగూబ నాది," అన్నాడు.

మేనేజరమ్మ గొంతు సవరించుకుంది. "ఒంటె నాదేలే."

అమ్మాయికి ఆ ముసలాయన మీద ఎక్కడలేని ఇష్టం పుట్టుకొచ్చింది. ఆయన తిరిగి రాగానే అడిగింది.

"మాస్టారూ, ఇందులో గబ్బిలం లేదండీ."

"సరిగ్గా చూడమ్మా, చిగుళ్ల దగ్గర ఎక్కడో ఉంటుంది." కుర్చీలో కూర్చుని, గొంతు తగ్గించి అన్నారు. "ఈసారి మాత్రం వెనకవైపు తిప్పి వెయ్యి. నా దగ్గర జంతువులు అయిపోవస్తున్నాయి."