బుల్లమ్మ సగం పాట

శ్రీముఖలింగం చుట్టుపక్కల ఎవరి మళ్ళలో ఉభాలు, అంటే వరినాట్లు, మొదలైనా ముందు కబురు వెళ్ళేది బుల్లమ్మకే. ఆమెకంటే చెయ్యి చురుకైనవాళ్ళు జట్టులో లేకపోలేదు. పాటెత్తేది మాత్రం ఆమె ఒక్కతే. ఆమె చరణం అందుకుంటే వెనక ఆడవాళ్ళంతా పల్లవి పడతారు. ఆ ఊపులో నడుం నొప్పి తెలియకుండా మడి పచ్చబడిపోతుంది. అందుకే జట్టులో ఆమె మాటకి ఎదురు లేదు.

అన్నిట్లోకీ ఆమెకు పేరు తెచ్చింది వంశధార పాట. పుట్టింటికి బయల్దేరిన పిల్లకి ఏరు పొంగి అడ్డం వస్తుంది. ఆ పిల్ల ఊరుకుంటుందా? ఏటిని నోటికొచ్చినట్టు తిట్టి, చీర ఎగదోపి, గేదెనెక్కి అవతలికి వెళ్ళిపోతుంది. "మా అమ్మ పాట. ఒక్క ముక్క మార్చినా ఊరుకోను" అనేది బుల్లమ్మ. అన్నట్టే, తప్పు పాడినవాళ్ళని దులిపేసేది. అసలు సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. అందులో అమ్మది సగమే. ఏటిని తిట్టడం దగ్గర్నుంచీ బుల్లమ్మ సొంత కవిత్వం.

ఆ ఏడు బుల్లమ్మ కొత్తకోడలు అరుణశ్రీ కోటబొమ్మాళి నుంచి టచ్ ఫోనుతో కాపురానికి వచ్చింది. నెట్ చవకైన రోజులు. రైతులు పంపిన ట్రాక్టరు తొట్టిలో చేలకి వెళ్తూ ఎవరు ఏ పాట అడిగినా, అరుణశ్రీ ఫోనుని నోటి దగ్గర పెట్టుకుని చెప్పేది, అది వెతికి పాడేది. ఒడియా పాటలు, భజనలు, ఎవరూ వినని ఊళ్ళ డప్పు పాటలు. సిగ్నల్ పోయి తెరమీద సున్నా గిరగిరా తిరుగుతుంటే అందరూ ఫోన్ని తిట్టేవారు. బుల్లమ్మ మొదట మూతి ముడుచుకుంది గానీ, నాలుగు రోజులు తిరక్కుండానే "నిన్నటి ఆ డప్పు పాట మళ్ళీ ఎట్టే" అంటూ కోడలి పక్కకి చేరిపోయింది.

ఒకరోజు పొద్దున జట్టులో బుల్లమ్మ ఈడుదైన తవిటమ్మ కల్పించుకుంది. "ఒలే అరుణా, మీ అత్త పాట కూడా ఉంటాదేటి ఇందల? ఎతుకు."

బుల్లమ్మ ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టబోయింది. "మా అమ్మ పాట అందలెందుకుంటాదే, ఊరుకో."

అప్పటికే అరుణశ్రీ ఫోనుకి చెప్పేసింది. పాట వచ్చేసింది. ఏదో ఊళ్ళో అరుగు మీద ముసలమ్మలు పాడుతుంటే ఎవరో ఫోనులో తీసి పెట్టారు. అదే బాణీ, అవే మాటలు. తొట్టిలో ఒకటే చప్పట్లు. సిగ్నల్ పోతే బాగుణ్ణని బుల్లమ్మ ముఖలింగేశ్వరుడికి మొక్కుకుంది. రోజూ పోయే సిగ్నల్ ఆ పూట చావలేదు.

సగం దాటింది. ఆ పాటలో పిల్ల ఏటిని తిట్టలేదు. పొద్దు గూకేదాకా గట్టు మీద నిలబడింది. ఏరు తగ్గలేదు. అమ్మకోసం మూటగట్టిన అరిసెలు నీళ్ళలో వదిలేసి, వెనక్కి తిరిగి అత్తింటికి పోయింది.

అందరూ బుల్లమ్మ వైపు తిరిగారు. తవిటమ్మే అడిగింది. "మరి గేదేదే, ఒదినా?"

బుల్లమ్మకి సిగ్గుకంటే ముందు ఏడుపొచ్చింది. చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో ఆ పాట వింటూ సగంలోనే నిద్రపోయేది. ఆ తర్వాత అమ్మ ఒక్కతే అరిసెలు వదిలే చోటు దాకా పాడుకునేదన్నమాట.

"నాకు తెల్దే" అంది, కళ్ళు తుడుచుకుని. "అంతవరకే ఇన్నాను. మిగతాది నానే కట్టీసినాను. అప్పుడు నాను కొత్తకోడల్ని, నాను కట్టిన పాటకి ఎవులు పల్లవి పడతారని అమ్మ పేరు సెప్పీసినాను."

మళ్ళో దిగాక ఎవరూ ఆమెని పాటెత్తమనలేదు. ఇక తన మాట చెల్లదనే అనుకుంది బుల్లమ్మ. ఆకుమడి నుంచి తెచ్చిన నారుకట్ట విప్పి, పాట లేకుండా ఎలా అని తనే ఎత్తుకుంది. సగం దాకా వచ్చింది. ఒకసారి విన్న పాట ఆమె మరిచిపోదు. ఏటిని తిట్టకుండా అమ్మ దారినే వెళ్ళింది. పిల్లని పొద్దు గూకేదాకా నిలబెట్టింది. మూట విప్పించింది.

తవిటమ్మ నడుం ఎత్తి నిలబడింది. "ఆ పిల్లని గట్టు మీద ఒగ్గీకు ఒదినా. మాకు సెయ్యాడదు. గేదినెక్కించీ."

"అవునే, ఎక్కించీ" అన్నారు మిగతావాళ్ళు.

బుల్లమ్మ కళ్ళనీళ్ళతోనే పకపకా నవ్వి ఏటిని తిట్టడం మొదలుపెట్టింది. ఆ పూట మామూలుకంటే రెండు తిట్లు ఎక్కువే పడ్డాయి. వెనక పల్లవి అవతలి ఊరి చేలదాకా వినపడింది.

సాయంత్రం ట్రాక్టరులో అరుణశ్రీ ఫోను చూపించింది. "అత్తా, నువ్వు పాడింది తీసినాను. అందరూ ఇనేటట్టు పెట్టీమంటావా? ఎవుల పాటని రాయను?"

బుల్లమ్మ ఫోనుని చేతిలోకి తీసుకుని చూసింది.

"మా అమ్మ పాటని రాయి. ఏరు దాటించింది మాత్రం నానని రాయి."