నోరు తెరిచిన నేల

భుజ్‌లో రైలు దిగి, లారీలో ఖావ్‌డా చేరేసరికి మధ్యాహ్నం రెండు. చలికాలం చివర. ఎండ ఉంది, గాలి మాత్రం చల్లగా ఉంది. ఆ గాలిలో ఉప్పు ఉంది, పెదవులు తడుపుకుంటే తెలిసేది. ఊరు దాటితే ఇక చెట్టు లేదు. ఉత్తరం వైపు నేల తెల్లగా ఆకాశం అంచు దాకా పోయింది. దాన్ని రణ్ అంటారు. వానాకాలంలో సముద్రపు నీళ్ళు లోపలికి వచ్చి నిలుస్తాయి. తర్వాత ఎండి ఉప్పు మిగులుతుంది.

పటాలం టెంట్ల ముందు నాలుగు జీపులు ఉన్నాయి. ఫ్యాక్టరీ నుండి నేరుగా వచ్చినవి. సీట్ల రెక్సిన్ వాసన ఇంకా పోలేదు. సాయంత్రం ఆర్డర్ చదివారు. ఇక్కడి నుండి జైసల్మేరు దాకా పోవాలి, మళ్ళీ ఇక్కడికి రావాలి. రోడ్డు మీద చక్రం పెట్టకూడదు. ముందు రణ్, ఆ పైన ఇసుక. బండికి ఒక్క బోల్టు చేర్చకూడదు, ఒక్కటి తీయకూడదు. ఫ్యాక్టరీ ఎట్లా ఇచ్చిందో అట్లాగే పోయి, అట్లాగే రావాలి.

పటాలంలో ఎంతమందిని కాల్చావు అని మా మిల్లు లైన్ ఇళ్ళల్లో పిల్లలు అడుగుతారు. ఎవరినీ కాల్చలేదు. నేను డ్రైవర్‌ని. కోయంబత్తూరులో మిల్లులు మూడు షిఫ్టులు నడిచే కాలం అది. మా నాయన స్పిన్నింగ్‌లో ఉండేవాడు. నేను జీపు నడిపాను. చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఈ ఒక్క ప్రయాణమే.

మేము పది మందిమి. ఒక కెప్టెన్, ఒక ఫిట్టర్ హవల్దార్, ఒక వైర్‌లెస్ ఆపరేటర్, నలుగురు డ్రైవర్లు, ముగ్గురు జవాన్లు. మొదటి రాత్రి తిండికి లైన్‌లో నిలబడితే నా వెనక ఎవడో తనలో తాను తెలుగులో తిట్టుకుంటున్నాడు.

"ఇది రొట్టా, చెప్పు అట్టా? పండ్లు ఉండేవాడు తినాల, లేనివాడు తొడుక్కోవాల."

తిరిగి చూశాను. పొడుగు మనిషి. నా కన్నా రెండు మూడేళ్ళు చిన్న. పేరు రంగసామి, ముగ్గురు జవాన్లలో ఒకడు. మా కోయంబత్తూరు వైపే, ఉడుమలైపేట పక్కన నల్లరేగడి పల్లె, మా మాదిరే తమిళ దేశంలో తెలుగు మాట్లాడే ఇల్లు. పత్తి వేసే సంసారం. వాళ్ళ పత్తి మా మిల్లుకే వచ్చేది. ఆ సంగతి తెలిసిన క్షణం నుండి నన్ను వదల్లేదు.

"మీ నాయన నూలు తెంపి తెంపి మా పత్తికి చెడ్డపేరు తెచ్చినాడు గదన్నా."

"మీ పత్తిలో దూది యాడ ఉండాది రంగా? అంతా గింజే గదా."

"గింజ ఉంటేనే గదన్నా మళ్ళీ మొలిచేది. మీ మిల్లోళ్ళకు అది ఎట్ల తెలుస్తాది?"

మా ఊరి వైపు అయితే మా కులం వాళ్ళు వాళ్ళ వాకిట్లోకి పోరు. ఈ టెంట్లలో ఇద్దరం ఒకే కంచంలో తిన్నాం.

బయలుదేరే ముందు కెప్టెన్ బండ్లన్నీ తనిఖీ చేశాడు. డ్రైవర్లకు ఒక అలవాటు ఉంటుంది. సీటు కింద రెండు చెక్క పలకలు దాచుకుంటారు. చక్రం దిగబడితే కింద వేయడానికి, జాకీ కింద పెట్టడానికి. నేనూ పెట్టుకున్నాను. కెప్టెన్ వాటిని బయటికి తీయించాడు. మా వైపు వాడు కాదు, హిందీలో మాట్లాడేవాడు. చిన్న వయసు. అరిచే మనిషి కాదు.

"ఇవి ఫ్యాక్టరీ ఇచ్చిందా?"

"లేదు సాబ్."

"రేపు ఇలాంటి బండ్లు వేలకొద్దీ వస్తాయి. వాటి వెంట నీ చెక్కలు రావు. ఈ బండికి ఏది చేతకాదో ఇప్పుడే తెలియాలి. యుద్ధంలో తెలిస్తే లాభం లేదు."

నాలుగు బండ్ల చెక్కలూ వంటవాళ్ళ పొయ్యికి పోయాయి. బండికి మిగిలింది ఒక జాకీ, ఒక పార, ఒక తాడు, ఒక స్టెప్నీ, చక్రం విప్పే స్పానర్. అంతే.

రణ్‌లో ముందు నడిచి నేల చూసేవాడు ఒకడు కావాలి. సేద్యం తెలిసినవాడు ఎవడని కెప్టెన్ అడిగాడు. రంగసామి చెయ్యెత్తాడు. వాడి చేతికి ఒక వెదురుకర్ర ఇచ్చారు. వాడు ముందు నడిచేవాడు. యాభై అడుగుల వెనక నా బండి. నా వెనక మిగతా మూడు. కర్ర నిలువుగా ఎత్తితే రావాలి. అడ్డంగా పట్టుకుంటే ఆగాలి. పది మందీ నాలుగు బండ్లూ వాడి మాట మీద నడిచాయి.

మొదటి నాలుగు రోజులు వాడు ఒక్కసారి కూడా తప్పలేదు. రణ్ అంచుల్లో నేల నల్లగా, బంకగా, మా ఊరి రేగడి మాదిరే ఉంటుంది. వాడు కర్రతో కొట్టేవాడు. కూర్చుని పగుళ్ళలో చెయ్యి పెట్టేవాడు. మోచేయి దాకా పొడిగా దిగితే కర్ర ఎత్తేవాడు. రాత్రి బండి కింద పడుకుని అడిగాను.

"అంత నమ్మకంగా ఎట్ల చెప్తావు రంగా?"

"మా నాయన నేర్పిచ్చినాడన్నా. నేల నోరు తెరిచిందంటే లోపల తడి లేదని లెక్క. నోరు తెరిచిన నేల బండిని మింగదు. పత్తి మూటలేసి తోలుకొని పోవచ్చు."

నిజమే. మా వైపు అంతే. చిత్తిరై నెల నడివేసవి ఎండకు రేగడి పగిలితే దాని మీద ఏ బండైనా పోతుంది.

ఐదో రోజు తెల్లవారి ఆరున్నరకు బయలుదేరాం. రణ్ నడుమ గట్టినేలగా ఉండే ఖడీర్ దిబ్బ వెనక పడింది. నల్ల నేల అయిపోయి తెల్ల నేల వచ్చింది. ఉప్పు పలకలు పలకలుగా పగిలి ఉంది. ఒక్కొక్క పలక రోకలి పొడుగు. గాలి లేదు. ఎండ కింది నుండి కూడా కొట్టేది. కళ్ళు మూసుకున్నా తెల్లగానే ఉండేది.

రంగసామి కర్రతో కొట్టాడు. రాతి మీద కొట్టినట్టు మోగింది. కూర్చున్నాడు. పగులులో చెయ్యి పెట్టాడు. మణికట్టు దాకానే దిగింది. చెయ్యి తీసి చూసుకున్నాడు. పొడిగా ఉంది. లేచి కర్ర ఎత్తాడు.

ఒక మైలు పోయాం. రెండు మైళ్ళు పోయాం. వాడి బూటు వేలు మందం కూడా దిగడం లేదు.

తర్వాత నా ముందు చక్రాలు మునిగాయి. చప్పుడు రాలేదు. అప్పడం విరిగినట్టు పైపొర విరిగింది. కింద నుండి నల్లటి బురద పైకి వచ్చింది, చెడిపోయిన గుడ్డు వాసనతో. వెనక్కి తీద్దామని నాలుగు చక్రాలకూ గేరు వేశాను. వెనక చక్రాలు కూడా తవ్వుకుంటూ ఇరుసు దాకా దిగాయి. ఇంజిన్ ఆపాను.

వెనక బండ్లు దూరంగా ఆగాయి. ఫ్యాక్టరీ తాడు పొట్టిది. తాడు అందాలంటే రెండో బండి కూడా అదే పొర మీదికి రావాలి. కెప్టెన్ వద్దన్నాడు. తవ్వాలి, జాకీతో ఎత్తాలి, చక్రాల కింద ఉప్పు పలకలు పేర్చాలి. జాకీ పెడితే అది బురదలోకి పోయింది. కెప్టెన్ స్టెప్నీ తెప్పించి పడుకోబెట్టి దాని మీద జాకీ నిలబెట్టించాడు. స్టెప్నీ ఫ్యాక్టరీ ఇచ్చినదే. ఫిట్టర్ హవల్దార్ జాకీ తిప్పాడు. బండి లేచింది. జానెడు, ఇంకో జానెడు.

లోపలి వైపు పలకలు పేర్చాలంటే ఒకడు ఇరుసు కిందికి పోవాలి. రంగసామి చొక్కా విప్పాడు.

"నువ్వెందుకు రంగా? నేను పోతా, నా బండి."

"నా మాట మీద దిగినావు గదన్నా. పక్కకు తప్పుకో."

ఒక పక్కకు తిరిగి పాక్కుంటూ లోపలికి పోయాడు. నేను బయటి నుండి ఉప్పు పలకలు అందిస్తున్నాను. వాడు పేరుస్తున్నాడు. నాకు వాడి చెయ్యే కనిపిస్తోంది. ఏడో పలకో ఎనిమిదో పలకో ఇచ్చాను. స్టెప్నీ కింద పొర విరిగింది. టైరు ఒక పక్కకు ఒరిగింది. జాకీ దాంతో పాటు ఒరిగింది. బండి దబాలున పడలేదు. మెల్లగా కూర్చుంది. వాడి రొమ్ము మీద కూర్చుంది.

అందరం పట్టి ఎత్తాం. మేము ఎత్తినకొద్దీ మా కాళ్ళు దిగాయి. బండి లేవలేదు. పారతో తవ్వితే వాడికి తగులుతుందని అన్నం గిన్నెలతో తవ్వాం. నేను బురదలో పడుకుని వాడి తల నా చేతి మీద పెట్టుకున్నాను. వాడికి ఊపిరి ఆడటం లేదు. మాట గాలిగానే వచ్చింది.

"కింద తడి ఉండాదన్నా."

అంతే అన్నాడు. నేల చూసి రోజూ నాకు ఎట్లా చెప్పేవాడో అట్లా చెప్పాడు.

వెనక బండిలో వైర్‌లెస్ ఆపరేటర్ గొంతు వినిపిస్తోంది. "ఒక మనిషి బండి కింద. డాక్టర్ కావాలి. ఓవర్." అటు నుండి అడిగారు, బండి పరిస్థితి ఏమిటి. "బండి కాదు, మనిషి. మనిషి. ఓవర్." ఖావ్‌డా నుండి డాక్టర్ రావాలంటే ఒక పగలు పడుతుందని చెప్పారు. మేము వాడిని బయటికి తీసేసరికి పగలు పదకొండు దాటింది. బండి మీది క్యాన్వాస్ విప్పి దాని మీద పడుకోబెట్టాం. అప్పటికే పోయాడు.

చెక్కలు ఉంటే బతికేవాడా అని మీరు అడుగుతారు. బతికేవాడు. కెప్టెన్‌ది తప్పు కదా అంటారు. నేను అనను. ఆయన చెప్పిన కారణం నిజమైనదే. రెండేళ్ళ తర్వాత నాకు ఇచ్చిన కొత్త జీపులో టూల్స్ పెట్టె తెరిస్తే జాకీ కింద పెట్టే ఇనుప పలక ఒకటి ఉంది. ఫ్యాక్టరీ ఇచ్చినదే. దాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. తర్వాత దాన్ని జాకీ పక్కనే పెట్టి పెట్టె మూశాను.

అప్పట్లో శవాన్ని ఊరికి పంపే ఏర్పాటు మాకు లేదు. నా బండిని కూడా తవ్వి బయటికి లాగి, వచ్చిన జాడనే వాడిని వెనక్కి తెచ్చి ఖావ్‌డా బయట కాల్చాం. ఇంటికి ఇంగ్లీషులో తంతి పోయింది. మూడో రోజు ఆర్డర్ వచ్చింది, ప్రయాణం కొనసాగించండి అని. అస్థికలు ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టి నా సీటు కింద పెట్టుకున్నాను, చెక్కలు ఉండిన చోట. మళ్ళీ తనిఖీ జరిగింది. కెప్టెన్ వంగి చూశాడు. డబ్బా చూశాడు. దాన్ని అక్కడే ఉంచి తర్వాతి బండికి పోయాడు.

ఈసారి చుట్టు తిరిగి, దిబ్బల అంచునే పోయాం. కర్ర పట్టుకుని ముందు ఎవడు నడిచినా కర్ర ఎత్తడానికి భయపడేవాడు. రోజుకు ఆరేడు మైళ్ళు కూడా సాగేది కాదు. రణ్ దాటాక ఇసుక. నాలుగు బండ్లూ జైసల్మేరు చేరాయి. వాటికి ఒక్క బోల్టు చేర్చలేదు. ఫోటో తీశారు. అక్కడి నుండి మళ్ళీ ఖావ్‌డాకు వెనక్కి వచ్చాం.

సెలవు దొరికేసరికి చిత్తిరై నెల. ఉడుమలైపేటలో బస్సు దిగి నడిచాను. వాళ్ళ వీధిలో నిలబడి పిలిచాను. రంగసామి నాయన బయటికి వచ్చాడు. కొడుకు మాదిరే పొడుగు. నా తెలుగు వినగానే మా కులం తెలిసినట్టుంది, నా ముఖం వైపే చూశాడు. డబ్బా తీసుకుని లోపలికి పోయాడు. లోపల ఆడవాళ్ళ ఏడుపు లేచింది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని మళ్ళీ వచ్చాడు. నన్ను ఇంట్లోకి రమ్మనలేదు.

"రా తంబీ, పొలం దాకా పోదాం."

పత్తి తీసేసిన పొలం. నేల పగిలి ఉంది. గట్టు మీద ఆయన కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నాడు, తన పక్కనే.

"తంతి కాగితంలో బండి ప్రమాదం అని ఉండాదంట. బడి వాద్యారు చదివి చెప్పినాడు. బండి మీద నుంచి పడినాడా, బండి కింద పడినాడా? రెండు నెలలుగా ఇంట్లో ఇదే మాట."

చెప్పాను. దాచలేదు. నాకు దాచి మాట్లాడటం రాదు. ఆ కాలంలో నాకు రాయడమూ రాదు. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది పెన్షన్ వచ్చిన తర్వాతే. అప్పుడు నోటి మాట తప్ప ఇంకేమీ లేదు. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.

"నేల చూసే దిగినాడా?"

"చూసినాడయ్యా. కర్రతో కొట్టి చూసినాడు. చెయ్యి పెట్టి చూసినాడు."

"పగుళ్ళు ఉండెనా?"

"ఉండె."

దూరంగా ఎవరో ఎద్దుల్ని అదిలిస్తున్నారు.

"నేర్పిచ్చింది నేను తంబీ."

"అది ఈ మన్నుకు సరయ్యా. ఆడ మన్ను వేరే."

"మన్నంటే మన్నే అనుకుంటిమి. వేరే మన్ను మేమెప్పుడు చూసినాము?"

లేచి నిలబడి బస్సు వేళయిందన్నాను. ఆయన సరి అన్నాడు. నేను రోడ్డు ఎక్కి తిరిగి చూస్తే ఇంకా గట్టు మీదే ఉన్నాడు.

ఒక్కటి మాత్రం ఆయనకు చెప్పలేదు. జైసల్మేరు నుండి వెనక్కి వచ్చేటప్పుడు, దిబ్బల అంచున చుట్టు తిరగకుండా నేరుగా వచ్చి, వాడు పోయిన చోటు పక్కగా దాటి, మా పాత చక్రాల జాడ పట్టుకున్నాం. అప్పటికి ఎండలు ముదిరాయి, నేల గట్టిపడింది. జాడ రెండు గీతలుగా ఉంది. ఆ రెండు గీతల నడుమ వాడి బూట్ల అడుగులు ఉన్నాయి. వేలు మందం కూడా లేని గుంటలు. వాటిలోకి కింది తడి ఊరి, ఎండి, ఉప్పు గడ్డకట్టింది. చుట్టూ ఉన్న తెలుపు కన్నా తెల్లగా, ఒక్కొక్కటీ చెక్కినట్టు ఉన్నాయి. వాడు ముందుకు నడిచిన దారి అది. మేము వెనక్కి వస్తున్నాం. అందుకని ఆ అడుగులు నాకు ఎదురుగా వచ్చాయి. రెండు మైళ్ళు, ఒకదాని తర్వాత ఒకటి, బండి ముందుకు వచ్చి కిందికి పోయాయి. చక్రం వాటి మీద పడకుండా పట్టుకుని నడిపాను. అద్దంలో చూశాను. వెనక మూడు బండ్లూ అట్లాగే వస్తున్నాయి. ఎవరూ ఆర్డర్ ఇవ్వలేదు.