జీడిచెట్టుకి గడ్డి, ధ్రువం కింద జెండా

మా బావ నాకంటే బాగా పాఠం చెబుతాడని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాడు మా మేనత్త కొడుకు, నాకంటే కాస్త పెద్ద. ఉండేది బారువలో అయినా వేసవి సెలవులన్నీ ఉద్దానంలోని మా ఇంట్లోనే గడిపేవాడు. ఆ ఇంటి పెద్దావిడ నాకు నాయనమ్మ, వాడికి అమ్మమ్మ. ఏడాది పొడుగునా ఆవిడ చేత తిట్లు తినేది నేను, వాడు బస్సు దిగిన రోజున కోసేది పనసపండు. పెద్ద తొనలన్నీ వాడికి, పిక్కలు కాల్చుకోమని నాకు.

ఇద్దరం రాజనీతిశాస్త్రంలో ఎమ్మే చేశాం. ఇద్దరికీ కాశీబుగ్గలో ఒకే ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఉద్యోగాలు దొరికాయి. అక్కడా అంతే. వాడి క్లాసులో నవ్వులు గోడ దాటి నా క్లాసులోకి వచ్చేవి. నా పిల్లలు నోట్సు రాసుకుంటూనే ఆ గోడ వైపు చూసేవారు. అప్పుడు నాకు గోడ మీద కోపం రావాలా, పిల్లల మీద రావాలా తెలిసేది కాదు. చివరికి వాడి మీదే వచ్చేది.

ఉత్తర ధ్రువం దగ్గర, మంచు కింద సముద్రం అడుగుకి దిగి రష్యా తన జెండా పాతి వచ్చిందని పేపర్లో పడిన రోజులవి. ఆ వారమే కాలేజీ కరస్పాండెంటు మా ఇద్దరినీ పిలిచాడు. పిల్లలు తగ్గిపోయారు కాబట్టి ఇక ఆ సబ్జెక్టుకి ఒక్కరే చాలన్నాడు. టేబుల్ మీదున్న పేపరు మా వైపు తిప్పి, "ఈ జెండా గొడవేటో, ఆ దేశం మిగతా దేశాలతో నడిపే యవ్వారానికీ దీనికీ సంబంధం ఏటో ఫైనలియర్ పిల్లలకి సెరో పీరియడు సెప్పండి. ఎనక బెంచీలో కూకుని ఇంటాను. ఎవులు బాగా సెప్తే ఆల్లుంటారు" అన్నాడు.

ఉద్యోగం పోతే నాకు మిగిలేది పలాసలో నాన్న జీడిబట్టీ. ఆ పొగలో కూర్చుని పప్పు రకాలు వేరు చేయించాలి. అందుకని టెక్కలి వెళ్ళి లైబ్రరీలో దొరికినవన్నీ చదివాను. బోర్డు మీద రంగు సుద్దలతో ధ్రువం చుట్టూ దేశాల మ్యాపు వేశాను. మంచు కింద చమురు, గ్యాసు ఉన్నాయని చెప్పాను. మంచు కరిగితే ఆసియాకి దగ్గర సముద్రదారి తెరుచుకుంటుందనీ, జలాంతర్గాములు దాచుకునేది ఆ ఉత్తర తీరంలోనేననీ చెప్పాను. పడమటి దేశాల కూటమి తన గడప దాకా వచ్చిందని ఆ దేశానికున్న బెంగ కూడా వదల్లేదు. పిల్లలు తలెత్తకుండా రాసుకున్నారు. కరస్పాండెంటు తలాడించాడు. ఇక ఉద్యోగం నాదేననుకున్నాను.

తర్వాతి పీరియడు బావది. నేనూ వెనక బెంచీలో కరస్పాండెంటు పక్కన కూర్చున్నాను. వాడు నా మ్యాపు చెరపలేదు, కొత్తది వెయ్యలేదు. సుద్దముక్క కూడా ముట్టుకోకుండా మొదలుపెట్టాడు.

"మా అమ్మమ్మకి ఉద్దానంలో జీడితోట ఉన్నాది. తోటకి ఉత్తరం మూల ఒక సెట్టు. అది మాదో పక్కతోటోడిదో ఎవులికీ తెలీదు. కాపు కూడా అంతంతే. ఒక ఏడు మా అమ్మమ్మ ఎల్లి ఆ సెట్టుకి గడ్డి కట్టేసినాది."

క్లాసంతా నవ్వింది. గడ్డి కట్టడం అంటే అక్కడ అందరికీ తెలుసు. ఎండుగడ్డి పేని చెట్టుకి చుడితే, ఇది మాది, చెయ్యి వెయ్యొద్దని అర్థం.

"పక్కతోటోడు మండిపడి ఒచ్చాడు. మా అమ్మమ్మ ఏటి సేసినాది? కూకోమని పీటేసి మజ్జిగిచ్చినాది. మాటలో మాట కలిసినాది. మా బళ్ళు రోడ్డెక్కాలంటే ఆడి తోటలోంచి దారి కావాల. ఎన్నాళ్ళుగానో ఆడు ఇవ్వట్లేదు. ఈలోగా అవతల తోటోడికి మా నూతినీళ్ళిచ్చి ఆణ్ణి మా ఏపు తిప్పేసుకున్నాది. ఆకరికి గడ్డి ఇప్పేసి సెట్టు ఆడికి ఒదిలేసినాది, దారి మాకొచ్చినాది. ఇప్పుడు మాస్టారేసిన మ్యాపు సూడండి. ఆ జెండా ఏటి? గడ్డి. సెట్టునే సూత్తే మీకేటీ తెలీదు. దారి సూడండి. నుయ్యి సూడండి. ఎవులు ఎవులి పక్కకి తిరిగారో సూడండి. గ్యాసు అమ్ముకోడానికైనా, కూటమిని కొంత ఎనక్కి నెట్టడానికైనా, పెద్దమనిసని పిలిసి పీటెయ్యించుకోడానికైనా, అన్నిటికీ ఆ మంచులో కట్టిన గడ్డే పనికొత్తాది."

పిల్లలు చప్పట్లు కొట్టారు. నా పక్కన కరస్పాండెంటు బల్ల చరిచాడు. ఆ దెబ్బ నా వీపు మీద పడినట్టయింది.

ఆ గడ్డి పేనింది నేను! జీడి పూతకొచ్చిన రోజుల్లో, చేతులు దురదెక్కేలా కూర్చుని పేనింది నేను. నాయనమ్మ వెనకాల తోట చివరిదాకా మోసుకెళ్ళింది నేను. అప్పుడు వీడు బారువలో ఉన్నాడు. తర్వాతి సెలవుల్లో తోటలో పడుకుని నేను చెబితేనే ఆ కథ వాడికి తెలిసింది. నా నాయనమ్మ, నా గడ్డి, నా కథ, చప్పట్లు మాత్రం వాడికి. అన్నిటికంటే పెద్ద మంట ఏమిటంటే, నాకది తట్టలేదు. టెక్కలి దాకా వెళ్ళి వెతికాను గానీ మా తోటలో వెతకలేదు.

ఉద్యోగం వాడికే ఉంచారు. సాయంత్రం టీకొట్టు దగ్గర నా భుజం మీద చెయ్యేసి, "కోపమొచ్చిందేట్రా మావా? నువ్వు సెప్పిన కతే కదరా" అన్నాడు. అంత మంచిగా అనకపోయినా బాగుండేది. టీ తాగకుండా నందిగాం మీదుగా మా ఊరు వెళ్ళే బస్సు ఎక్కేశాను.

నాయనమ్మ వాకిట్లో ఎండబోసిన జీడిపిక్కలు ఎత్తుతోంది. నేను చెప్పులైనా విప్పకుండా మొత్తం కక్కేశాను. నీ ముద్దుల మనవడు నీ చెట్టు చూపించి నా ఉద్యోగం పట్టుకుపోయాడన్నాను. ఆవిడ మొదట నవ్వింది. తర్వాత చేతిలో పిక్కలు అలాగే ఉండిపోయాయి.

"దారి కోసం కట్టానని సెప్పాడా ఆడు?"

"మరి కాదా?"

"దారి మీ తాతకి కావాలిరా. నాకు సెట్టే కావాల. నాను కొత్తకోడలిగా ఒచ్చినప్పుడు, పుట్టింటికాడి పిక్క తెచ్చి నాటిందిరా అది. తరవాత గట్టు ఏసినప్పుడు ఎటేపూ కాకుండా పోనాది. నాది నాకు కావాలని గడ్డి కట్టాను. పక్కతోటోడు తగువుకొచ్చేతలికి మీ తాతకి దారి గుర్తొచ్చినాది. నన్నడిగారేటి? దారొచ్చినాది, సెట్టు పోనాది. బండెక్కి ఎల్లినప్పుడు నాను ఆ మూల ఏపు సూడను."

చెప్పేసి మళ్ళీ పిక్కలు సర్దుకుంది. ఆ గడ్డి పేనిన నాకే ఆ సంగతి అన్నాళ్ళూ తెలియదు.

ఏడాది బట్టీ పొగ తిన్నాక టెక్కలిలో నాకు ఇంకో కాలేజీ దొరికింది. అక్కడ అదే పాఠం, అదే గడ్డితో మొదలుపెట్టాను. కానీ బావ ఆపిన చోట ఆపలేదు. ఒక దేశం జెండా పాతితే వెనక ఉన్నది ఒకే మనసు అనుకోవద్దని చెప్పాను. మంచును చూపించి ఇంకేదో బేరం ఆడదామనుకునేవాళ్ళు ఉంటారు. ఆ మంచు తమదేనని గుండెల్లో పెట్టుకున్నవాళ్ళూ ఉంటారు. జెండా ఇద్దరిదీ, బేరం మాత్రం మొదటివాళ్ళది. రెండోవాళ్ళు ఎక్కడున్నారో వెతికితేనే ఆ దేశం రేపు ఏం చేస్తుందో తెలుస్తుంది. పిల్లలెవరూ నవ్వలేదు, గోడ వైపు కూడా చూడలేదు.

ఆ వేసవిలో బావ మా ఇంటికి వచ్చాడు. పనసపండు కోశారు. "టెక్కల్లో నీ పాటం తెగ మెచ్చుకుంటన్నారంట! మన కతలో కొత్తగా ఏటి కలిపావురా మావా?" అని అడిగాడు. నాయనమ్మ పనస తొనలు వలుస్తూ తలెత్తి నా వైపు చూసింది.

"ఏం లేదు బావా, అదే కత" అన్నాను.

ఆవిడ పెద్ద తొనలన్నీ ఎప్పటిలాగే వాడి పళ్ళెంలో వేసింది. తిననీ. చెట్టు సంగతి ఆవిడ నాకొక్కడికే చెప్పింది. అది మాత్రం నేను వాడికి పెట్టను.